38 మంది రోగులు, 5 వరసల పట్టిక

మా మెడికల్ కాలేజీ లైబ్రరీలో పుస్తకాలడిగేవాళ్లు తగ్గిపోయారు గానీ, ప్రమోషన్ ఫైళ్లు కదిలే రోజుల్లో నా టేబుల్ ముందు కుర్చీ ఖాళీగా ఉండదు. "మేడం, నా హెచ్-ఇండెక్స్ ఎంతో కాస్త చూసిపెట్టండి" అంటారు, బీపీ చూడమన్నట్టు. రాసిన పేపర్లని మిగతావాళ్లు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె అది. మొన్న వచ్చింది గ్యాస్ట్రో డాక్టరుగారు. లివర్ మీద పనిచేసే మనిషి. ఆయన పేపర్ల వెనక రిఫరెన్సులు సరిచూస్తుంటే ఒకటి మళ్లీ మళ్లీ తగిలింది: పగ్, 1973, బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీ.

"సార్, ఇది చదివారా?" అనడిగాను.

"చదివేదేముంది మేడం, అది టేబులే కదా!" అని నవ్వేశారు.

నేను తెప్పించుకుని చదివాను. లివర్ ఎంత పాడైందో మార్కులేసే చైల్డ్-పగ్ స్కోరు కోసం అందరూ చూపించే పేపరది, తీరా చూస్తే ఆ స్కోరు కోసం రాసిందే కాదు! అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి రక్తం కక్కుకునేవాళ్లకి, అన్నవాహికని అడ్డంగా కోసి తిరిగి కుట్టే ఆపరేషన్ గురించి. లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్, 38 మంది రోగులు. ఎవరి లివర్ ఎంత పాడైందో తేల్చుకోవడానికి, 1964లో చైల్డ్, టర్కాట్ చేసిన వర్గీకరణని తీసుకున్నారు. అందులో రోగి పోషణ ఎలా ఉందన్నది తీసేసి ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) పెట్టారు. మిగతావి బిలిరుబిన్, అల్బుమిన్, పొట్టలో నీరు, మెదడు మందగించడం. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 5, 6 అయితే ఎ, 7 నుంచి 9 బి, 10 నుంచి 15 సి. మంచం పక్కన నిలబడి వేళ్ల మీద లెక్కేయొచ్చు. ఆ ఆపరేషన్‌ని ఎండోస్కోపీతో సిరలకి వేసే బ్యాండ్లూ, లివర్ లోపల రక్తానికి పక్కదారి వేసే 'టిప్స్' పద్ధతీ వెనక్కి నెట్టేశాయి, పట్టిక మాత్రం నిలిచింది. ఈ రోజుకీ సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోయే జబ్బు) మీద ట్రయల్ చేసినా, లివర్ క్యాన్సర్ మందు పరీక్షించినా రోగులు ఏ క్లాసో చెప్పి తీరాలి. చెప్పారంటే పగ్ ఖాతాలో ఇంకో సైటేషన్, అంటే ఇంకో పేపర్ ఉదహరించినట్టు. పాపం, చైల్డ్, టర్కాట్ రాసింది పుస్తకంలో ఒక అధ్యాయం. డేటాబేసులకి జర్నళ్ల మీదున్న ప్రేమ అధ్యాయాల మీద ఉండదు.

ఇక హెచ్-ఇండెక్స్ సంగతి. 2005లో హిర్ష్ అనే కాలిఫోర్నియా ఫిజిక్స్ ప్రొఫెసరు పెట్టిన లెక్క ఇది. 10 పేపర్లకి కనీసం పదేసి సైటేషన్లుంటే 10. మరి పగ్ పేపర్ లాంటిది ఒక్కటే రాసి ఊరుకున్నవాళ్లకి? వేల సైటేషన్లున్నా 1!

మెడికల్ కాలేజీ ప్రమోషన్లకి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2022లో పెట్టిన నిబంధనల్లో ఇంకో మెలిక ఉండేది. పేరు మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా కరస్పాండింగ్ ఆథర్ (పేపర్ తరఫున జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) అయ్యుండాలి. పగ్ పేపర్‌లో ఐదో పేరు రోజర్ విలియమ్స్, 1966లో కింగ్స్ లివర్ యూనిట్ మొదలుపెట్టినాయన. 1989లో హెపటైటిస్ సి వైరస్‌ని పట్టిచ్చిన సైన్స్ పేపర్‌లో ఆరుగురి చివర మైకేల్ హౌటన్, 2020 నోబెల్ గ్రహీత. మా ఫారం నింపాల్సొస్తే ఇద్దరూ కరస్పాండింగ్ ఆథర్ గడి మీదే ఆశపెట్టుకోవాలి.

తెలుగువాళ్లకి పేర్లతోనూ తంటాయే. హైదరాబాద్ గ్యాస్ట్రో డాక్టరు నాగేశ్వర్ రెడ్డిగారంతటి మనిషి కూడా, వైద్య పేపర్ల డేటాబేసైన పబ్‌మెడ్‌లో కొన్నిచోట్ల 'రెడ్డి డి.ఎన్.', కొన్నిచోట్ల 'నాగేశ్వర్ రెడ్డి డి.' మా డాక్టరుగారి పేపర్లూ అలాగే ఇంటిపేరు కింద కొన్ని, అసలు పేరు కింద కొన్ని. ఓపిగ్గా కూర్చుని కలిపితే అంకె పెరిగింది. ఆ మధ్యాహ్నం ఆయన లివర్ గురించి కొత్తగా కనిపెట్టిందైతే ఏమీ లేదు.

ఆయన రాసినవాటిలో నాకు నచ్చింది అట్టడుగున ఉంది. కలుషిత నీటితో వచ్చే కామెర్లు, గర్భిణుల్లో అవి ముదిరే తీరు మీద రాసిన చిన్న పేపరు. అందులో మొదటి రిఫరెన్సు ఖురూ, 1980. కశ్మీర్‌లో 1978లో కామెర్లు ప్రబలినప్పుడు ఊళ్లలో తిరిగి, ఇది మనకి తెలిసిన వైరస్ కాకపోవచ్చని రాసిన డాక్టరు. ఆ పేపర్ మీద ఉన్నది ఆయన ఒక్కడి పేరే. ఆ వైరస్సే తర్వాత హెపటైటిస్ ఇ అయింది.

ఈ చిన్న పేపర్ని లిస్టులో పైకి జరుపుదామా అంటే డాక్టరుగారు ఒప్పుకోలేదు. "దానికి సైటేషన్లు లేవు కదా మేడం" అన్నారు. రిమార్క్స్ గడిలో దాని గురించి రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాను.