గ్రిమాల్డి ముఖం, గ్రిమాల్డి మోకాళ్ళు

జోసెఫ్ గ్రిమాల్డి అనగానే మన దగ్గర చాలామంది సర్కస్ జోకరనుకుంటారు. నిజానికి ఆయన నాటకాల క్లౌన్, బతుకు చాలావరకు లండన్ నాటకశాలల్లోనే గడిచింది. 1778లో పుట్టి, మూడేళ్ళు నిండకముందే శాడ్లర్స్ వెల్స్‌లో వేషం కట్టాడు. 1806 డిసెంబర్‌లో కోవెంట్ గార్డెన్‌లో 'మదర్ గూస్' పాంటోమైమ్ (పాటలు, హాస్యం, క్లౌన్ చేష్టలు కలిసిన ఇంగ్లీషు నాటకం) మొదలైంది. 92 ఆటలు ఆడింది.

అంతకుముందు క్లౌనంటే ఎర్రటి మొహంతో ఓ పల్లెటూరి మొద్దు. గ్రిమాల్డి మొహం, మెడ తెల్లగా పూసి, బుగ్గలమీద ఎర్రటి గుర్తులు దిద్దాడు. కొవ్వొత్తులు, నూనెదీపాల వెలుగులో ఆఖరి వరసకీ కనుబొమ్మ కదలిక అందాలంటే అదే దారి.

రవీంద్రభారతిలో ఆ మొహం కట్టాలనుకుంటే లెక్క మారుతుంది. రెండు చెంచాల జింక్ ఆక్సైడ్‌కి ఓ చెంచా కొబ్బరినూనె కలిపి, పల్చగా, స్పాంజితో తట్టాలి. రుద్దితే చారలు పడతాయి. పైన పౌడరు అద్ది, పది నిమిషాలు ఆగాకే ఎరుపు, నలుపు. తొందరపడి ముందే దిద్దితే చెమటకి ఎరుపు తెలుపులోకి కారుతుంది. మందంగా పూస్తే మొదటి నవ్వుకే పెదాల పక్కన పగుళ్ళు. తెల్లటి ఎల్‌ఈడీ కింద ఈ మొహం పిండిముద్దలా చదునైపోతుంది, ముందు లైట్లకి యాంబర్ జెల్ (లైటు ముందు పెట్టే పసుపు-నారింజ రంగు పల్చటి రేకు) అడగండి.

వస్తువులతో ఆయన ఆడిన ఆటకి నేను దాసోహం. ఓ పాంటోమైమ్‌లో బొగ్గు డబ్బాలు రెండు కాళ్ళకి తొడిగి బూట్లన్నాడు, మడమలకి గుర్రపు నాడాలు కొట్టాడు, ఆడవాళ్ళు చేతులు దాచుకునే బొచ్చుతొడుగుని టోపీగా పెట్టాడు. అప్పటి హుస్సార్ల (ఆడంబరమైన యూనిఫాం వేసే గుర్రపు సైనికుల) డాబుకి అది వెక్కిరింత. ఒక్కో వస్తువూ కళ్ళెదుటే మారాలి, అదీ కిటుకు. తెరవెనక తొడుక్కొచ్చేస్తే సగం నవ్వు పోయినట్టే. సురభి వాళ్ళ మాయాబజార్ ట్రిక్కులు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

'హాట్ కాడ్లిన్స్' పాటలో యాపిల్స్ అమ్ముకునే ముసలామె చలికి తట్టుకోలేక ఏదో తెచ్చుకుంటుంది. ఏమిటన్నది గ్రిమాల్డి పాడడు. హాలంతా 'జిన్!' అని మద్యం పేరు అరిస్తే, 'అయ్యో, సిగ్గు లేదూ!' అని వాళ్ళనే మందలిస్తాడు. తెలుగులో చేయాలంటే అంత్యప్రాస ముందే బిగించాలి: 'చలికి వణికె ముసలి ఒళ్ళు, వేడి కోసం తాగె...' అని ఆపితే 'కల్లు' దానంతటదే వస్తుంది. రెండు మాటలు పట్టే చోట ఆపారో, జనం నీళ్ళు నములుతారు.

స్టేజి మీది దూకుళ్ళకి, పడటాలకి ఆయన ఒళ్ళు నలభై అయిదేళ్ళకే చేతులెత్తేసింది. 1828 జూన్ 27న డ్రూరీ లేన్‌లో వీడ్కోలు ఆట కుర్చీలో కూర్చునే ఆడాడు. 1837లో పోయాడు.

పడటాలు ప్రాక్టీస్ చేసేవాళ్ళు వదులు పంట్లాం లోపల మోకాలి ప్యాడ్లు కట్టుకోండి, బయటికి తెలియవు. అరచేతులు ముందు ఆనిస్తే మణికట్టు పోతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీదుగా దొర్లాలి. చెక్క స్టేజి మీదికి వెళ్ళేముందు చాపల మీద చేయండి, అదీ మేకప్ లేకుండా. తడిసిన తెలుపు అరచేతికంటితే పట్టు జారుతుంది.