ఏటా మునిగే గుడికి అమ్మ చెంబుతో

అమ్మ సంవత్సరీకం అయ్యాక మా ఇల్లు అమ్మేశాం. అన్నయ్యా నేనూ వేరే ఊళ్లలో ఉంటున్నాం, తాళం వేసిన ఇల్లు పాడైపోతుందని అందరూ చెప్పిన మాట నిజమే. అయినా తాళాలు ఇచ్చేసే రోజు దగ్గర పడేకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు. రెండేళ్లలో పిల్లాడు చదువుకని దూరం వెళ్లాడు, నాకు ట్రాన్స్‌ఫర్ అయింది, అమ్మ పోయింది. ఒకదాన్నుంచి తేరుకునేలోపే ఇంకోటి. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టేదాన్ని కానీ, దండం పెట్టుకుందామంటే మనసులో ఒక్క మాట కూడా వచ్చేది కాదు.

అప్పుడే కర్నూలు నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడిందంట పాపా. పోయొద్దాం రా. మీ అమ్మ పోదాం పోదాం అంటానే పాయె."

నల్లమల అంచున కృష్ణమ్మ ఒడ్డున ఉంది సంగమేశ్వరం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి, ఈ ఏడు నదులూ కలిసే చోటు కాబట్టి సప్తనదీ సంగమం అంటారు. వీటిలో భవనాశి ఒక్కటే మగ నది అని చెబుతారు. శ్రీశైలం డ్యామ్ కట్టాక గుడి రిజర్వాయరులో మునిగిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా నీళ్లలోనే ఉండి 2003లో బయటపడింది. ఇప్పుడైతే వానాకాలం వరద రాగానే మునుగుతుంది, ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే తేలుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. కొన్నేళ్లు శివరాత్రికి కూడా స్వామి దర్శనం దొరకదు.

బయల్దేరే ముందు మా ఇంటి బోరు నీళ్లు అమ్మ ఇత్తడి చెంబులో పట్టుకున్నాను. చెంబు అంచు కింద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు, పెళ్లినాడు కొట్టించింది. తోమీ తోమీ చివరి అక్షరం అరిగిపోయింది. మూతికి తడిగుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

ముందు అలంపురం వెళ్లాం. జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుని బాలబ్రహ్మేశ్వరుడి గుడిలో కాసేపు కూర్చున్నాం. తర్వాత చిన్నమ్మ నన్ను ఇంకో గుడికి తీసుకెళ్లింది. అది ఒకప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. పేరు అదీ సంగమేశ్వరాలయమే. శ్రీశైలం నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయీ విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. చాళుక్యుల కాలపు గుడి. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య సన్నటి గీత. ఇంత పెద్ద గుడి ఊరు మారిందంటే నమ్మబుద్ధి కాలేదు. దేవుడికి కూడా చోటు మారక తప్పలేదు కదా అనిపించింది. అది నాకు చాలా పెద్ద ఊరట. చిన్నమ్మతో ఆ మాట అంటే ఆమె ఏమీ అనలేదు. "ఇదొకటి, అదొకటి. రేపు చూద్దువులే" అంది.

మర్నాడు తెల్లారేసరికి నందికొట్కూరు మీదుగా ముచ్చుమర్రి చేరి బోటెక్కాం. నీళ్లు ఎక్కడా కదులుతున్నట్టే లేవు. దూరాన నల్లమల కొండలు నీలంగా ఉన్నాయి. చిన్నమ్మ బోటు అంచు పట్టుకుని నీళ్లలోకే చూస్తోంది. కొంత దూరం పోయాక చెయ్యి చాపి, "ఆ పక్క మా ఊరుండె" అంది. చూస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు.

మా అమ్మమ్మవాళ్లది ముంపు గ్రామం. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూనే ఉన్నాను కానీ ఎప్పుడూ లోపలికి ఎక్కలేదు. ఊరు ఖాళీ చేసేనాటికి అమ్మకు పెళ్లయి వెళ్లిపోయింది, చిన్నమ్మకు ఇరవై కూడా లేవు. తలుపులు, దూలాలు ఊడదీసి బండ్లకెత్తుకున్నారట. మా తాత ద్వారబంధం కూడా తవ్వించి తెచ్చాడట. "కొత్త ఊర్లో కట్టిన ఇంటికి అదే పెట్టినాం. కొలత సరిపోకపాయె. గోడనే దానికి తగ్గట్టు కట్టించినాడు మా నాయన" అంది చిన్నమ్మ. ఆ వాకిట్లో నేను సెలవులన్నీ ఆడుకున్నాను. గడపకు పసుపు రాశాను. అది నీళ్లు రాకముందు ఇంకో ఇంటి గడప అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

గుడి దగ్గర దిగితే నేలంతా ఎండిన ఒండ్రు. పెచ్చులు పెచ్చులుగా పగిలి, అడుగేస్తే కాలి కింద విరుగుతోంది. మధ్యలో తెల్లటి నత్తగుల్లలు. గోడల మీద నీటి చారలు ఒకదాని కింద ఒకటి, నీళ్లు దిగిన ఒక్కో మెట్టూ అక్కడ ఉంది. పైకప్పు సందుల్లో ఇంకా తడి మట్టి. లోపల చేపల వాసన, దాని మీద అగరొత్తుల వాసన. ఊళ్లో వాళ్లు కొందరు పారలతో మూల మూలనా మట్టి ఎత్తి బయట పోస్తున్నారు. చిన్నమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక తట్ట అందుకుంది. నేనూ చెయ్యేశాను. గంటసేపు ఒక్క మాట లేకుండా మట్టి ఎత్తాం. ఏడాదిగా ఏ పూజలోనూ రాని ప్రశాంతత ఆ తట్ట మోస్తుంటే వచ్చింది.

గర్భగుడిలో స్వామి వేపదారు శివలింగం. ధర్మరాజు ప్రతిష్ఠ కోసం భీముడు కాశీకి లింగం తేవడానికి పోయి ఆలస్యం చేస్తే, ముహూర్తం దాటకూడదని వేప మొద్దునే లింగంగా నిలిపారని స్థలపురాణం. దీపం వెలుగులో దగ్గరగా చూశాను. కొయ్య నల్లబడి ఉంది, పొడుగునా గీతలు. ఇన్ని వరదలు మీదుగా పోయాయి. ప్రతి ఏడూ చీకట్లో, నీళ్ల కింద, పూజ లేకుండా, దీపం లేకుండా ఇన్ని నెలలు. అయినా ఉన్నాడు. నా మనసులో మాట రాని ఏడాదంతా దేవుడు నన్ను వదిలేశాడనుకున్నాను. నీళ్లలో ఉన్నంత కాలం గుడి లేనట్టా? అప్పుడు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలనిపించలేదు.

పూజారిగారు చెంబు మూతి గుడ్డ విప్పి, అమ్మ పేరు చదివి, గోత్రం అడిగారు. మా ఇంటి బోరు నీళ్లు స్వామి మీద పోశారు. కొద్దిగానే ఉన్నాయి, ఒక్క ధారలో అయిపోయాయి. అవి పానవట్టం మీద నుంచి జారి బయటికి పోవడం చూస్తూ నిలబడ్డాను. అటు పోతే కృష్ణే.

"వరద వచ్చేటప్పుడు మీరేం చేస్తారు స్వామీ?" అని అడిగాను.

"నీళ్లు గడప దాకా వచ్చేవరకు పూజ చేస్తామమ్మా. తర్వాత శిఖరానికి హారతిచ్చి పైకి పోతాం. నీళ్లు దిగినాక మళ్లీ వస్తాం" అన్నారు, పూలు సర్దుకుంటూనే.

బోటు దగ్గరికి నడుస్తుంటే చిన్నమ్మ ఖాళీ చెంబు నా చేతిలోంచి తీసుకుని, వంగి కృష్ణ నీళ్లు ముంచి ఇచ్చింది. "ఉత్త చెంబు ఇంటికి తీసకపోగూడదు" అంది.

మరుసటి వారం తాళాలు ఇచ్చేశాను. దేవుడి గది తలుపు ఒక్కటి నాకిమ్మని కొన్నవాళ్లను అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నారు. నేనుండే ఫ్లాట్‌లో దానికి తగిన గుమ్మం లేదు. అన్నయ్య వచ్చి, కొలతలు తీసుకుని, వడ్రంగితో మాట్లాడి దాన్ని దేవుడి మందిరానికి వెనక పలకగా పెట్టించాడు. చెంబు దాని ముందే ఉంటుంది.

శ్రావణంలో చిన్నమ్మ ఫోన్ చేసింది. "నీళ్లొచ్చినాయంట పాపా. శిఖరం ఒక్కటే కనపడతాందంట." దీపం పెట్టబోతూ ఆగి, "మళ్లీ ఎప్పుడు తేలుతుంది చిన్నమ్మా?" అన్నాను.

"ఎండాకాలం రానీ. ఈసారి మీ అన్నను గూడా రమ్మను, మట్టి శానా ఉంటాది" అంది.