బందరులో మూతబడిన మా పేట సినిమా హాలు

మా పేట సినిమా హాలును వేసవిలో పడగొట్టి ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టబోతున్నారని బందరులో ఉంటున్న మా పిన్ని ఫోనులో చెప్పింది. గోడలు నిలిచి ఉండగానే ఒకసారి లోపలికి వెళ్లి చూడాలని హైదరాబాదు నుంచి రాత్రి రైలులో బయలుదేరి విజయవాడ చేరాను. అక్కడ పొద్దున్నే మచిలీపట్నం పాసింజరు ఎక్కాను.

గుడివాడ దాటిన తరువాత రైలు కవుతరం, పెడన, చిలకలపూడి మీదుగా పొలాల మధ్య మెల్లగా సాగుతుంది. ఈ దారిలో ఊళ్లను చూస్తూ కూర్చుంటే, ఒకప్పుడు సినిమా హాలుగా ఉన్న కట్టడాన్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. కిటికీలు లేని ఎత్తయిన పక్క గోడలు, రేకుల కప్పు, వీధి వైపు మాత్రం సిమెంటుతో తీర్చిన ముఖభాగం ఉంటాయి. అటువంటి వాటిలో కొన్ని ధాన్యం గోదాములయ్యాయి, కొన్నింటి మీద పెళ్లి పందిళ్ల బోర్డులు వేలాడుతున్నాయి. రైలులో నా ఎదుట కూర్చున్న పెద్దావిడ ఒక గోదామును చూపించి, తాను పెళ్లైన కొత్తలో అక్కడ సినిమా చూశానని, అప్పుడు బండి కట్టుకుని వచ్చేవారమని, అడగకుండానే చెప్పింది.

మచిలీపట్నానికి సినిమాతో ఉన్న సంబంధం సామాన్యమైనది కాదు. తెలుగు సినిమాకు ఆద్యుడిగా మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య ఈ ఊళ్లోనే పుట్టారు. మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన ఆయన, బొమ్మకు గ్రామఫోను శబ్దాన్ని జోడించి చూపించే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని సంపాదించి, బర్మా, సింహళం వరకు తీసుకువెళ్లి ప్రదర్శనలిచ్చారు. ఆ తరువాత మద్రాసులో గెయిటీ హాలు కట్టించారు. ఆయన చిత్ర నిర్మాణ సంస్థ 1921లో గాని ఏర్పడలేదు. అదే సంవత్సరంలో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ హాలును ప్రారంభించారు. అంటే మన సినిమాకు మూలపురుషుడైన వ్యక్తి సినిమా తీయడానికి ఎన్నో ఏళ్ల ముందే సినిమా చూపించారు. అయినా మన చరిత్ర పుస్తకాలు తీసినవారి పేర్లతో నిండిపోయి, చూపించినవారి గురించి రెండు వాక్యాలతో సరిపెట్టుకుంటాయి. హాళ్లు కట్టినవారు, మెషీన్ నడిపినవారు, గేటు దగ్గర నిలబడినవారు లేకుండా ఒక్క సినిమా అయినా ఒక్క ఊరికైనా చేరేదా? నేను బందరు వెళ్లింది ముఖ్యంగా ఈ ఆలోచనతోనే.

స్టేషను నుంచి ఆటోలో కోనేరు సెంటరు మీదుగా మా పేటకు వెళ్లాను. హాలు యజమానుల కుటుంబంతో పిన్ని ముందే మాట్లాడి ఉండడం వల్ల తాళం తీసి ఉంచారు. ఆ హాలులో చాలా ఏళ్లు ఆపరేటరుగా పనిచేసిన పెద్దాయనను కూడా రమ్మని కబురు పంపారు. చిన్నప్పుడు పేటలో పిల్లలమంతా ఆయనను బాబాయి అనే పిలిచేవాళ్లం. ఇప్పుడూ నోటికి అదే వచ్చింది.

ముందు వరండాలో బుకింగు కిటికీలు ఇంకా ఉన్నాయి. చెయ్యి మాత్రమే పట్టే అర్ధచంద్రాకారపు రంధ్రాలు, వాటి ముందు క్యూ కోసం గోడకు బిగించిన ఇనుప గొట్టాలు ఉన్నాయి. ఆడవారి కిటికీ ఎడమ చివర ఉంది. నేల టిక్కెట్టు కొన్నవారు మాత్రం ఈ వరండాలోకి వచ్చేవారు కాదు. వారి కిటికీ, వారి గేటు పక్క సందులో ఉండేవి. తెరకు అతి దగ్గరగా మెడ ఎత్తి చూడవలసిన ఆ చోటు నుంచే ఎక్కువ ఈలలు వినిపించేవి, కొత్త సినిమాకు మొదటి రోజు కాగితపు ముక్కలు ఎగిరేదీ అక్కడి నుంచే. ఊరంతా ఒకే కప్పు కింద కూర్చునేదని పాత హాళ్ల గురించి అందరూ మురిపెంగా చెబుతారు. కూర్చున్నమాట నిజమే కాని, తక్కువ డబ్బు ఇచ్చినవారిని ముందు మెట్ల మీదుగా రానివ్వకపోవడం కూడా అంతే నిజం, దాన్ని వదిలేసి చెప్పడం నాకు ఇష్టం లేదు.

మా అమ్మ, పక్కింటి అత్తయ్య, ఇంకా వీధిలోని ఆడవాళ్లు మ్యాట్నీకి వెళ్లేవారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, మగవాళ్లు పనుల నుంచి తిరిగి వచ్చే లోపల ఇంటికి చేరగలిగే ఆట అదొక్కటే. గుడికి తప్ప గడప దాటాలంటే ఎవరో ఒకరిని అడగవలసి వచ్చే ఆ రోజుల్లో, వారు తమంతట తాము వెళ్లి మూడు గంటలు కూర్చోగలిగిన చోటు ఈ హాలు. నవ్వినా ఏడ్చినా ఎందుకని అడిగేవారు లేరు. చంటిపిల్లలు ఏడిస్తే గేటు మనిషి తలుపు ఓరగా తెరిచి పట్టుకునేవాడు. తల్లి వరండాలో బిడ్డను ఎత్తుకుని తిరుగుతూ మాటలైనా వినేది. మా అమ్మకు కొన్ని సినిమాలు అలా సగం చెవులతోనే తెలుసు.

ఆట మొదలయ్యే ముందు పైకప్పు మీది హారన్ మైకులో ఘంటసాల గొంతుతో వేంకటేశ్వరస్వామి పాట వేసేవారు. పేటలో గడియారం లేని ఇళ్లు కూడా ఆ పాటతో పొద్దు తెలుసుకునేవి. పాట ముగిసే వేళకు టిక్కెట్లు అయిపోతాయేమోనని పరుగెత్తడం నాకు బాగా గుర్తు.

బాబాయి నన్ను వెనుక వైపు ఇనుప నిచ్చెన మీదుగా ప్రొజెక్టరు గదిలోకి తీసుకువెళ్లాడు. చిన్నప్పుడు అక్కడికి పిల్లలను రానిచ్చేవారు కాదు. రెండు మెషీన్లు దుమ్ముతో, సాలెగూళ్లతో అలాగే ఉన్నాయి. వాటి వెనుక పొగ పోవడానికి పెట్టిన రేకు గొట్టాలు కప్పును చీల్చుకుని పైకి వెళ్లాయి. తెర మీద వెలుగు మొదట్లో కార్బన్ కడ్డీల నుంచి వచ్చేదని, రాగి పూత పూసిన ఆ రెండు కడ్డీల కొసల మధ్య నిప్పు వెలుగుతుంటే అవి కాలి అరిగిపోతూ ఉంటాయని, వాటి మధ్య ఎడాన్ని సరిచూస్తూ ఉండకపోతే బొమ్మ పచ్చబడి హాలంతా అరుపులు లేస్తాయని చెప్పాడు. తరువాత జెనాన్ దీపాలు వచ్చి ఆ బాధ తగ్గిందట.

"రీలు మార్చడమే అసలు పని అమ్మా," అన్నాడు. రెండువేల అడుగుల రీలు ఇరవై నిమిషాలకు కొంచెం పైగా నడుస్తుంది. అది ముగిసేటప్పుడు బొమ్మ కుడివైపు పై మూలలో ఒక చుక్క మెరుస్తుంది. ఆ చుక్క కనబడగానే రెండో మెషీన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లలో మరో చుక్క వస్తుంది, అప్పుడు వెలుగును ఒక మెషీన్ నుంచి రెండోదానికి మళ్లించాలి. చూసేవారికి ఏమీ తెలియకూడదు. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకున్న రోజుల్లో, ఆ హాలులో ఆడిన రీలును సైకిలు మీద కుర్రవాడు ఇక్కడికి తెచ్చేవాడు. రైల్వే గేటు పడితే ఇక్కడ ప్రకటనల స్లైడ్లు తిప్పుతూ కూర్చునేవారట. తెగిన ఫిల్మును గీకి, ఫిల్ము సిమెంటు అనే జిగురు రాసి అతికించడం ఎలాగో చేతులు గాలిలో కదిలిస్తూ చూపించాడు. ఎన్నో ఏళ్లుగా ఆ పని చెయ్యకపోయినా ఆ వేళ్లు తడబడలేదు.

హాలు మూతబడడానికి ఒక్క కారణం చెప్పలేం. 1990ల్లో ఇళ్లలోకి శాటిలైట్ చానళ్లు రావడంతో మ్యాట్నీకి వచ్చే ఆడవారు తగ్గారు. రెండువేల తరువాతి దశకంలో ఫిల్ముకు బదులు డిజిటల్ ప్రదర్శన వచ్చి, సినిమా ఒకే రోజున పల్లెల దాకా విడుదలై, రెండు వారాల్లో పాతబడిపోయింది. హాలులో పాతిక మంది ఉన్నా కరెంటు బిల్లు, జీతాలు తగ్గవు. 2020 మార్చిలో దేశంలోని హాళ్లన్నీ మూసినప్పుడు ఇదీ మూసింది, ఆ తరువాత మళ్లీ ఆట పడలేదు. నష్టం భరిస్తూ నడపమని యజమానులను అడిగే హక్కు నాకు లేదు. అయితే మెషీన్లను తూకానికి అమ్మేస్తారని తెలిసి మనసు ఒప్పుకోలేదు. బందరులోనో విజయవాడలోనో ఏ మ్యూజియంలోనైనా వాటికి ఒక గది దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఉగాది దాకా మెషీన్లను కదపకుండా ఉంచడానికి యజమానులు ఒప్పుకున్నారు. ఒక్క రీలు దొరికితే, మోటారు బాగుచేసి ఒకసారి ఆడించి చూపిస్తానని బాబాయి అన్నాడు. విజయవాడ గాంధీనగరంలో పాత పంపిణీ కార్యాలయాల వాళ్లను అడిగి చూడమని చెప్పాడు. తిరుగు ప్రయాణంలో అక్కడ దిగి వీధులన్నీ తిరిగాను. చాలా కార్యాలయాల స్థానంలో వేరే వ్యాపారాలున్నాయి. ఒకచోట మాత్రం మెట్ల కింద పడి ఉన్న రేకు డబ్బాను తీసి ఇచ్చారు. మూత తియ్యగానే పులిసిన వెనిగర్ వాసన వచ్చింది. పాత ఫిల్ము చెడిపోయేటప్పుడు వచ్చే వాసన అదేనని, ఫిల్ము కుంచించుకుపోయి రంధ్రాలు మెషీన్ పళ్లకు అందవని, పెడితే తెగిపోతుందని బాబాయి ఫోనులో చెప్పాడు. ఇంకో రీలు కోసం తెలిసినవారినందరినీ అడుగుతున్నాను.