కడుపు ఆపరేషన్ తరువాత లోపల పడే అతుకుల గురించి

మా హనుమకొండలో ఎవరికి కడుపు ఆపరేషన్ జరిగినా, చూడవచ్చిన వారంతా పథ్యం గురించే చెబుతారు: వంకాయ పెట్టవద్దు, పప్పు పెట్టవద్దు, నడుముకు గుడ్డ బిగించి కట్టండి. బయటి కుట్టు చీము పట్టకూడదన్న జాగ్రత్త అందరికీ ఉంటుంది గాని, లోపల పేగులు ఒకదానికొకటి గాని, పొట్ట గోడకు గాని, గర్భసంచికి గాని అతుక్కునే సంగతిని ఎవరూ ఎత్తరు. వీటిని డాక్టర్లు అడ్హిషన్లు అంటారు. పొట్ట కోసి చేసే ఆపరేషన్ల తరువాత చాలామందిలో ఇవి ఎంతో కొంత ఏర్పడతాయి. ఎక్కువమందికి వాటివల్ల ఏ బాధా ఉండదు, కొందరికి మాత్రం ఏళ్ల తరువాత పేగు మూసుకుపోతుంది, లేదా సంతానం కలగడం కష్టమవుతుంది.

పొట్ట లోపలి గోడను, అవయవాలను కప్పి ఉంచే పలుచని పొర పేరు పెరిటోనియం. కత్తి తగిలినా, పొడి గుడ్డతో రుద్దినా, ఎక్కువసేపు గాలికి ఎండినా అది గాయపడి, కొన్ని గంటలలోనే అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు పేరుకుంటుంది. శరీరం ఆ జిగురును తానే కరిగించుకోగలిగితే దాదాపు 5 నుంచి 7 రోజులలో కొత్త పొర వచ్చి గాయం నున్నగా మానుతుంది. నిలిచిన రక్తం వల్లనో, ఇన్ఫెక్షన్ వల్లనో ఆ పని కుంటుపడితే, జిగురు గట్టిపడి శాశ్వతమైన పట్టీగా మారుతుంది. అంటే నివారణలో ఎక్కువ భాగం ఇంటి పథ్యంలో కాదు, ఆపరేషన్ థియేటర్‌లోనే ఉంది. వంకాయ పాపం, దీనికి ఏ సంబంధమూ లేనిది.

అందువల్ల అడగవలసినవి ముందే అడగాలి. ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే పద్ధతితో, వీలవుతుందా? సాధారణంగా దానితో అతుకులు తక్కువ. పేగులను తడిగా ఉంచడం, సున్నితంగా పట్టుకోవడం, రక్తస్రావాన్ని పూర్తిగా ఆపడం, పౌడర్ లేని గ్లౌజులు వాడడం సర్జన్ చేతిలో ఉన్నవి. పౌడర్ గ్లౌజులను అమెరికా 2017లో నిషేధించింది. గాయమైన చోట అవయవాల మధ్య పరిచే సెప్రాఫిల్మ్, ఇంటర్‌సీడ్ వంటి అడ్డుపొరలు అతుకులను తగ్గిస్తాయి గాని పూర్తిగా ఆపలేవు, పైగా పేగును కోసి కలిపిన చోట సెప్రాఫిల్మ్ చుడితే ఆ కుట్టు లీకయ్యే ప్రమాదం పెరుగుతుంది.

అన్నిటికన్నా గట్టి నివారణ, అవసరం లేని కోత పెట్టించుకోకపోవడమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పులలో 60.7 శాతం పెద్దాపరేషన్లే; దేశ సగటు 21.5 శాతం. తల్లి కోసమో బిడ్డ కోసమో తప్పనిసరైన ఆపరేషన్‌ను నేను తప్పుపట్టను. ముహూర్తం కోసం కోయించుకునే వారికి మాత్రం, రెండో కాన్పు నాటికి మూత్రాశయం గర్భసంచికి అతుక్కుని ఉండవచ్చునని, అప్పుడు ఆపరేషన్ మరింత కష్టమవుతుందని ముందే ఎవరైనా చెప్పాలి.

ఏర్పడిన అతుకులను కోసి విడదీయవచ్చు, కాని ఆ కోతే కొత్త అతుకులకు కారణం కావచ్చు. అందుకే బాధ లేకపోతే వాటిని కదిలించరు. పాత ఆపరేషన్ ఉన్నవారికి కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో వాంతులవుతూ, గాలి కూడా వెళ్లకపోతే, గ్యాస్ అనుకుని విరేచనాల మందు వేయకుండా, పాత డిశ్చార్జి కాగితాలతో సహా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.