శాలువా వద్దు, రెండు పీరియడ్లు ఇవ్వండి

పిల్లల రచయిత బడికి వస్తున్నాడంటే చాలాచోట్ల జరిగేది ఒకటే. ప్రార్థన అయ్యాక పిల్లల్ని ఎండలో వరసల్లోనే ఉంచి ఒక సభ, ఒక శాలువా, ఒక ఉపన్యాసం, చివర్లో "బాగా చదువుకోవాలి" అన్న మాట. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ రచయిత రాసిన పుస్తకం మాత్రం ఒక్కరి చేతిలోకీ రాదు. ఇందులో బడిని తప్పుపట్టాల్సింది లేదు. ఏం కావాలో పిల్లలకు రాసే మనం ముందే చెప్పకపోతే వాళ్ళకు తెలిసిన మర్యాద వాళ్ళు చేస్తారు. కాబట్టి పిలుపు రాగానే హెడ్మాస్టరు గారితో కూర్చుని మాట్లాడుకోవాలి.

ముందుగా సమయం. రెండు పీరియడ్లు కలిపి అడిగితే 80 నుంచి 90 నిమిషాలు దొరుకుతాయి. పొద్దున రెండో, మూడో పీరియడ్లు అన్నిటికన్నా మేలు. భోజనానికి ముందు పీరియడ్ ఒప్పుకోకండి. సాంబారు వాసన తరగతిలోకి వచ్చాక ఎంత మంచి కథైనా నిలబడదు, గుడ్డు పెట్టే రోజైతే మరీను. జూన్ 12న బడులు తెరిచాక కొన్ని వారాలు అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీతోనే సరిపోతాయి. జూలై నడిమి నుంచి దసరా సెలవుల దాకా తీరిక ఉంటుంది, పరీక్షల వారాలు తప్పించుకుంటే చాలు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు గనక అందరూ అప్పుడే పిలుస్తారు. వెళ్ళండి, కానీ ఒక్క రోజులో నాలుగు బడులు పెట్టుకోకండి. నాలుగో బడి పిల్లలకు మన గొంతూ మిగలదు, ఓపికా మిగలదు.

పిల్లల సంఖ్య 35 దాటకూడదు. బడి మొత్తాన్నీ హాల్లో కూర్చోబెడతామంటే మెత్తగా కాదనండి. ఏకోపాధ్యాయ బడుల్లో ఒకటి నుంచి ఐదు దాకా కలిసే కూర్చుంటారు, అక్కడ చదివే పని మూడు, నాలుగు, ఐదు తరగతులకు పెట్టి, చిన్నవాళ్ళకు విడిగా పావుగంట నోటి కథ చెప్పండి. టీచరుగారు గదిలోనే ఉండాలి. బయటి మనిషి పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్నది ఒక కారణం. మనం వెళ్ళిపోయాక ఆ పని కొనసాగించాల్సింది వాళ్ళే అన్నది రెండోది. పిల్లల మొహాలు కనిపించే ఫోటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

చదివి వినిపించడానికి 10, 12 నిమిషాలకు మించని కథ తీసుకెళ్ళండి. మామూలు సైజు బొమ్మల పుస్తకం మూడో వరస దాటితే కనిపించదు. బెంచీలు పక్కకు జరిపి నేల మీద అర్ధచంద్రంలో కూర్చోబెట్టాలి, లేదా నలుగురికి ఒక ప్రతి ఇవ్వాలి. కిటికీ మన వెనక ఉండకూడదు, వెలుతురు కళ్ళల్లో కొట్టి పిల్లలకు బొమ్మ నల్లగా కనిపిస్తుంది. ఎక్కడ ఆగాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, రెండు మూడు చోట్లు చాలు. పేజీకో ప్రశ్న వేస్తే కథ కాస్తా పాఠమైపోతుంది.

కథ అయ్యాక రెండు ప్రశ్నలు అస్సలు వేయకూడదు. "అర్థమైందా?" అంటే గదంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది, దాంతో మనకు తెలిసేది ఏమీ లేదు. "నీతి ఏమిటి?" అంటే తెలివైన ఇద్దరు చేతులెత్తుతారు, మిగతావాళ్ళు కథను అక్కడే వదిలేస్తారు. వాటి బదులు నచ్చిందేమిటి, నచ్చనిదేమిటి, అయోమయంగా ఉన్నదెక్కడ అని అడగండి. "నచ్చనిది" అన్న మాట వినగానే మొదట ఎవరూ నోరు విప్పరు, పెద్దవాళ్ళు రాసినదాన్ని బాగాలేదనొచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు మరి. కాస్త ఆగితే వెనక వరసలోంచి ఒక గొంతు వస్తుంది. అది మనకు అన్నిటికన్నా విలువైన విమర్శ.

రెండో పీరియడ్‌లో పిల్లల చేత పుస్తకం చేయించండి. ఒక ఏ4 కాగితం, ఒక్క కత్తిరింపు, ఎనిమిది పేజీలు. 35 మందికి 60 కాగితాలు పట్టుకెళ్ళండి, చెడిపోయేవి ఉంటాయి. 75 లేదా 80 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) కాగితం బాగుంటుంది, డ్రాయింగు షీటు మందంగా ఉండి మడత నిలవదు. ముందు నిలువుగా సగానికి మడిచి విప్పాలి. తర్వాత అడ్డంగా సగానికి, మళ్ళీ ఇంకో సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్ళు కనిపిస్తాయి. ఇప్పుడు అడ్డంగా సగానికి మాత్రమే మడిచి, మడత ఉన్న వైపు నుంచి నడిమి గీత వెంట మొదటి గడి చివరిదాకా కత్తిరించాలి. విప్పితే కాగితం మధ్యలో రెండు గళ్ళ పొడవున చీలిక ఉంటుంది. నిలువుగా మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెడితే ఆ చీలిక తెరుచుకుంటుంది, నాలుగు రెక్కలు వస్తాయి, వాటిని ఒకవైపుకు తిప్పితే పుస్తకం.

ఎక్కువగా తప్పేది కత్తిరింపు దగ్గరే. మడత వైపు నుంచి కాకుండా తెరిచి ఉన్న వైపు నుంచి కోసేస్తారు, కాగితం చివర్లు విడిపోతాయి. అందుకే కత్తెర పట్టేముందు "మడత మీద వేలు పెట్టండి" అని చెప్పి, అందరి వేళ్ళూ చూశాకే కోయించండి. పేజీ నంబర్లు పుస్తకం మడిచాకే వేయించాలి. విప్పి ఉన్నప్పుడు రాస్తే సగం పేజీలు తలకిందులవుతాయి. పేజీ 7.4 సెంటీమీటర్ల వెడల్పు, 10.5 ఎత్తు వస్తుంది. మూడో తరగతి పిల్లల అక్షరాలకు అది ఇరుకు, వాళ్ళకు ఏ3 ఇవ్వండి.

అట్టలు పోను కథకు ఆరు పేజీలు మిగులుతాయి. స్వేచ్ఛగా రాయమంటే ముప్పై మందిలో ఎక్కువమంది "అనగనగా ఒక రాజు" అనే మొదలుపెడతారు, ఆఖరి పేజీలో నీతి రాసేస్తారు. కథంటే అలాగే ఉండాలని పాఠాలు నేర్పాయి. దాన్ని విప్పడానికి రాజు, దెయ్యం, మంత్రం ఈ ఒక్కసారికి వద్దని చెప్పి, మీ ఇంట్లో తప్పిపోయిన వస్తువేదో, మాట వినని జంతువేదో చెప్పమనండి. బోరు మోటారు కాలిపోవడం, మేక పుస్తకం తినేయడం, అమ్మ పత్తి ఏరడానికి వెళ్తే తమ్ముణ్ణి చూసుకోవడం, ఇలాంటివి వరసగా వస్తాయి. నోటితో పక్కవాళ్ళకు చెప్పాకే రాయించండి. నోటితో చెప్పని కథ కాగితం మీద రెండు వాక్యాలకే ఆగిపోతుంది.

టీచరుగారిని ముందుగానే ఒక్క మాట అడగాలి: ఆ రోజు ఎర్ర ఇంకు పెన్ను బయటికి తీయొద్దని. ఒత్తులు తప్పులుంటాయి, ఉండనివ్వండి. "చేసిండు" అని రాసిన పిల్లవాడి చేత "చేశాడు" అని దిద్దించొద్దు, సంభాషణలో అయితే అసలే వద్దు.

ఇక మన పని. అచ్చుకు వెళ్ళని కథ ఏదైనా ఉంటే దాన్ని పిల్లల నోట వినాలి. 20 పాయింట్ల అక్షరాలతో, వరసల మధ్య బాగా జాగా వదిలి ప్రింటు తీయించండి. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి గనక వరసలు దగ్గరైతే రెండూ కొట్టుకుంటాయి. వరసకు ఐదారు పదాలు చాలు, వరస చివర పదాన్ని విరగ్గొట్టకండి. బాగా చదివే పిల్లను, మధ్యస్థంగా చదివే పిల్లవాణ్ణి, కూడబలుక్కునే వాణ్ణి ఒక్కొక్కరినే పిలిచి పైకి చదవమనండి. మన చేతిలో ఇంకో ప్రతి. ఆగినచోట గీత, వెనక్కి వెళ్ళి చదివినచోట సున్నా, వేరే మాట చదివితే ఆ మాట పైన రాసుకోవాలి, నవ్వినచోట చుక్క. ముగ్గురిలో ఇద్దరు ఒకేచోట తడబడ్డారంటే తప్పు మన వాక్యానిదే. చాలాసార్లు అక్కడ ఒక పొడుగాటి సమాసమో, రెండు మూడు మాటలు సంధి కలిసిపోయిన ముద్దో ఉంటుంది. విడగొట్టండి.

పదాల లెక్క మీదా ఒక మాట. పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ఉచిత కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో, చదవడం మొదలుపెట్టే పిల్లల కోసం ఉన్న మొదటి స్థాయి కథలకు 250 పదాల హద్దు పెట్టారు. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి మన 250 పదాలు ఇంగ్లిషు 250 కన్నా బరువు. తెలుగులో మొదటి స్థాయికి 150 దగ్గర ఆగడం నయం. ఆ సైట్లోని తెలుగు కథలు సీసీ బై 4.0 లైసెన్సు కింద ఉన్నాయి, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు. పుస్తకాలు లేని బడికి అది పెద్ద ఆసరా. అనువాదాలన్నీ ఒక్క తీరుగా ఉండవు, పైకి చదివి చూసుకున్నాకే ప్రింటు తీయండి.

బొమ్మల పుస్తకమైతే పేజీలు నాలుగు గుణిజాల్లోనే వస్తాయి, 16 గానీ 24 గానీ పెట్టుకుని కథను పంచుకోవాలి. ప్రశ్న కుడి పేజీ చివర, జవాబు పేజీ తిప్పాక ఉండాలి. ఎదురెదురు పేజీల్లో రెండూ ఉంటే పిల్లల కన్ను ముందే బొమ్మ మీద పడిపోతుంది.

వచ్చేముందు బడికి ఇచ్చే పుస్తకాలు బీరువాలోకి వెళ్ళకుండా చూడాలి. తాళం పడటానికి కారణం నిర్లక్ష్యం కాదు. పోయిన పుస్తకానికి జవాబు చెప్పాల్సింది టీచరే కదా. అందుకని చిరిగినవీ పోయినవీ అడగబోమని హెడ్మాస్టరు గారికి కాగితం మీద రాసివ్వండి. గోడకు మూడడుగుల ఎత్తులో తాడు కట్టి, క్లిప్పులతో అట్ట ముందుకు కనిపించేలా వేలాడదీయండి. వెన్ను కనిపించేలా వరసగా పేరిస్తే పలచటి పుస్తకాల పేర్లే కనిపించవు. వెన్ను వెంట ముందే టేపు అతికించాలి, విడిపోయేది అక్కడే. తేదీ, పేరు, పుస్తకం, తిరిగిచ్చిన తేదీ అని నాలుగు గళ్ళు గీసిన నోటుబుక్కు ఐదో తరగతి పిల్లలిద్దరికి అప్పగించండి. మూడు నెలల తర్వాత ఆ నోటుబుక్కు అడిగి చూస్తే ఏ కథ తిరుగుతోందో, ఏది తాడు మీదే ఉండిపోయిందో పేజీల్లో కనిపిస్తుంది. తర్వాతి కథ మొదలుపెట్టేముందు ఆ నోటుబుక్కు చదవండి.