ఏ మంచు?

“బయట మంచు పడింది, ఇవాళ సైకిల్ వద్దు. నేను కారులో దింపుతా” అన్నాను మా అమ్మాయితో, పాలగ్లాసు చేతికిస్తూ.

“ఏ మంచు?” అంది.

పదేళ్ల పిల్ల. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. నేను కిటికీలోంచి చూశాను. డిసెంబరు నెల, పొద్దున్న ఏడున్నర. ఫిన్లాండ్‌లోని మా ఔలులో ఆ వేళకి ఇంకా కాటుక చీకటే, సూర్యుడు పదిన్నరకి గానీ రాడు. వీధి దీపం కింద తెల్లగా ఏదో ఉంది. ఏ మంచేమిటి, మంచు మంచే కదా? తనే లేచి బాల్కనీ తలుపు తీసి, రెయిలింగ్ మీద వేలితో గీత గీసి, ఆ వేలిని చూసుకుంది. “లూమి. పొడిగా ఉంది. కింద యా లేదు. వెళ్తున్నా” అంది. లూమి అంటే ఇక్కడి భాషలో కురిసిన మంచు, యా అంటే గడ్డకట్టింది. బూట్లు తొడుక్కుంటూ ఇంకో మాట కూడా వేసింది. “నువ్వు కారులో దింపావంటే అందరూ నా కాలు విరిగిందా అని అడుగుతారు.”

కాలు సంగతి సరే. మొదటి మాటే రోజంతా నన్ను వదల్లేదు. పిల్లకి తెలుగు రావాలని ఆదివారం పూట కూచోబెట్టి గుణింతాలు దిద్దించేదాన్ని నేనే. తను ఒక మామూలు ప్రశ్న అడిగితే తెలుగులో జవాబు చెప్పలేకపోయింది కూడా నేనే. మనకి పొలాల మీద పొగలా కమ్మేదీ మంచే, గడ్డిపోచ మీద బొట్టులా నిలిచేదీ మంచే, హిమాలయాల మీదదీ మంచే. భీమవరం పిల్లకి అంతకు మించి ఏం అవసరం పడింది కనుక? ఇక్కడ ఏ మంచో తెలియకుండా సైకిలెక్కితే పళ్లు రాలతాయి.

నాకూ ఒక లెక్క ఉండేది లెండి. మైనస్ 20 అయితే సైకిల్ వద్దు, సున్నా దగ్గర్లో ఉంటే పర్వాలేదు. చలి ఎంత ముదిరితే అంత ప్రమాదం అనుకున్నాను. అచ్చంగా తలకిందులు లెక్క. మైనస్ 15, 20లో మంచు ఇసకలా పొడిపొడిగా, తొక్కితే కిర్రుకిర్రుమంటూ ఉంటుంది, టైరుకి పట్టు దొరుకుతుంది. సున్నాకి అటూ ఇటూ ఊగే రోజే ప్రాణం మీదికి తెస్తుంది. గడ్డ మీద పల్చగా నీటి పొర ఉంటుంది, చూడ్డానికి తడి తారురోడ్డులా కనిపిస్తుంది, అంతే. అలాంటి రోజుకి ఇక్కడివాళ్లు పెట్టుకున్న పేరు “పుర్రె వాతావరణం”. పడితే ఏది పగులుతుందో పేరులోనే చెప్పేశారు. నేను మాత్రం రెండు చలికాలాల పాటు మైనస్ 20లో పిల్లతో పోట్లాడి కారెక్కించాను, పుర్రె వాతావరణంలో నవ్వుతూ టాటా చెప్పాను.

మా అమ్మాయి పడింది కూడా అలాంటి రోజునే. “ఇవాళ హాయిగా ఉంది, వెళ్లు తల్లీ” అని నేనే పంపాను. వంతెన కింది దారిలోకి దిగే చోట ముందు చక్రం జారింది, మోచెయ్యి కమిలింది. తప్పు ఒప్పుకున్నానా అంటే, లేదు. “చూశావా, నేను చెప్తే విన్నావా?” అన్నాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

ఇక మా అత్తయ్యగారి ఫోన్. పిల్ల మంచులో సైకిల్ తొక్కుతున్న వీడియో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో నేనే పెట్టాను, మురిపెం ఆపుకోలేక. పది నిమిషాల్లో ఫోనొచ్చింది. “ఏమ్మా, అంత మంచులో పసిదాన్ని సైకిల్ మీద పంపిస్తున్నారా? కారు గానీ అమ్మేశారా?” అన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఈ ఊళ్లో 900 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులున్నాయత్తయ్యా, తెల్లారేసరికి వాటి మీద మంచు తోసేసి కంకర పొడి చల్లేస్తారు, రోడ్లు దాటే పని లేకుండా కింద నుంచి సొరంగాల్లాంటి దారులున్నాయి, చలికాలంలో సైకిల్ తొక్కడం గురించి 2013లో దేశదేశాల వాళ్లు మొదటి సమావేశం పెట్టుకున్నది ఇక్కడే, పిల్లలందరూ ఇలాగే వెళ్తారు, అంటూ టూరిజం ఆఫీసులో కూచున్నట్టు అప్పజెప్పాను. ఆవిడ “సరేలేమ్మా, మీ ఇష్టం” అన్నారు. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగి పిల్లతో ఏమన్నానంటే, “రేపు సైకిల్ వద్దు.”

ఈ లోగా నా ప్రేమతో ఆ సైకిల్‌ని ఎంత హింసపెట్టానో కూడా చెప్పాలి. మైనస్ 18 రాత్రి కింద షెడ్డులో ఉంటే పాడైపోతుందేమోనని లోపలికి తెచ్చి, ముందు గదిలో హీటర్ పక్కన నిలబెట్టాను. పొద్దున్నకి దాని కింద చిన్న చెరువు. అతుక్కున్న మంచంతా కరిగి, ఆ నీళ్లు ముందు బ్రేకు కేబుల్లోకీ తాళంలోకీ దిగాయి. బయటికి తీసుకెళ్లిన కాసేపటికే రెండూ బిగుసుకుపోయాయి. నేను ఊరుకోలేదు, కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చి తాళం మీద పోశాను. ఒక్క నిమిషం కరిగింది, ఆ తర్వాత ఇంకా గట్టిగా గడ్డకట్టింది. “సైకిల్‌కి చలి వెయ్యదమ్మా!” అని ఏడుపు గొంతుతో అరిచి, బడికి నడిచి వెళ్లింది. అదృష్టం కొద్దీ వెనక బ్రేకు పెడల్ వెనక్కి తొక్కితే పడే రకం, దానికి కేబుల్ లేదు. అప్పట్నుంచి సైకిల్ షెడ్డులోనే ఉంటోంది, చలిలో, నిక్షేపంగా.

పిల్లని మాత్రం లోపలే పెట్టాలనిపిస్తుంది. దానికీ బట్టలు ఒకదాని మీద ఒకటి తొడిగి, ఊపిరాడకుండా చేసి పంపేదాన్ని. బడికి చేరేసరికి చెమట, కాసేపటికి ఆ చెమట చల్లబడి వణుకు. ఇంటి గుమ్మం దగ్గర కాస్త చలేస్తేనే సరిపడా వేసుకున్నట్టని వాళ్ల టీచర్ చెప్పారట. చిన్నపిల్లని చలిలో వణుకుతూ గడప దాటమనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. మా అమ్మ ఊరి నుంచి పంపిన మంకీ క్యాప్ హెల్మెట్ కింద పట్టలేదు. అందుకని 25 యూరోలు పెట్టి హెల్మెట్ లోపల వేసుకునే పల్చటి టోపీ ఒకటి కొన్నాను. అదీ మంకీ క్యాపే! కాదంటుంది మా అమ్మాయి.

చివరికి నేనూ ఒక సైకిల్ కొన్నాను. వెనకాలే వెళ్లి కాపలా కాద్దామని, నిజం చెప్పాలంటే. ఇక్కడ చలికాలానికి టైర్లు వేరే ఉంటాయి, రబ్బరులో చిన్న చిన్న లోహపు ములుకులు దిగ్గొట్టి ఉంటాయి. మంచి జత కొనాలంటే వంద యూరోలు. వందని రూపాయల్లోకి మార్చుకునే జబ్బు నాకింకా తగ్గలేదు గనక ఒక్కటే కొన్నాను. ఆ ఒక్కటీ ఎక్కడ వేశాను? వెనక చక్రానికి. గొలుసు తిప్పేది, బరువు మోసేది వెనక చక్రమే కదా అని, ఇంజినీరింగ్ చదివిన బుర్ర. వెనక చక్రం జారితే తోక ఆడించినట్టు ఆడి సర్దుకుంటుంది. ముందు చక్రం జారితే మనం నేల మీద ఉన్నామన్న సంగతి నేల మీదున్నాకే తెలుస్తుంది. పైగా మా నాన్న వీడియో కాల్‌లో “గాలి టైట్‌గా కొట్టించుకో” అన్నారని బొటనవేలు దిగనంత గట్టిగా కొట్టించాను. మంచు మీద కాస్త గాలి తగ్గిస్తేనే టైరు పరుచుకుని, ములుకులు ఎక్కువ ఆనతాయి. ఇంటి నుంచి రెండు వందల గజాలు వెళ్లానేమో. మా అమ్మాయి దిగి వచ్చి, నన్ను లేపకుండా ముందు నా టైరు నొక్కి చూసింది.

తర్వాతి ఆదివారం అడవి దారిలో నాకు పాఠాలు. చదును చేసిన దారి కాదు. మనుషులు నడిచిన అడుగులు గుంటలు గుంటలుగా గడ్డకట్టి ఉన్నాయి, పక్కనే స్కీయింగ్ వాళ్ల గాడి, అందులోకి సైకిల్ పోనివ్వకూడదు. “బ్రేక్ వెయ్యకు. కాళ్లు తిప్పుతూనే ఉండు. మలుపులో వంగకు. చక్రాన్ని చూడకు, దూరంగా చూడు” అని ముందు నుంచి అరుస్తోంది, సగం తెలుగు, సగం ఫిన్నిష్. నాకు చప్పున యనమదుర్రు డ్రెయిన్ గట్టు గుర్తొచ్చింది. వాన పడ్డాక ఆ గట్టు మీది నల్లమట్టి వెన్నముద్దలా ఉండేది. మా నాన్న అట్లాస్ సైకిల్, బార్ కిందనుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. ఆయన వెనకాల పరిగెడుతూ అరిచింది సరిగ్గా ఈ మాటలే. బ్రేక్ జోలికి పోకు, తొక్కుడు ఆపకు, చూపు దారి మీద. ఇవన్నీ నాకు వచ్చే! ఎప్పుడు మర్చిపోయాను?

ఎప్పుడో నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో సైకిల్ మా తమ్ముడిదైపోయింది. “ఎదిగిన పిల్ల. కాలో చెయ్యో విరిగితే రేపు ఎవడు చేసుకుంటాడు?” అంది మా నాయనమ్మ. నాన్న ఏమీ అనలేదు. ఆ గట్టు మీద నేను మళ్లీ సైకిలెక్కలేదు.

మా అమ్మాయి మోచెయ్యి కమిలిన రోజు, ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి దాని చేతికి అద్దుతూ, “ఆడపిల్లవి…” అన్నాను. అక్కడ ఆగాను.

“ఆడపిల్లనైతే?” అంది.

“ఏం లేదు. చెయ్యి కదపకు.”

దాని పెళ్లి గురించి నాకే బెంగా లేదు, ఒట్టు. భయమేసింది. భయపడ్డప్పుడు కొత్త మాటలెక్కడ వెతుక్కుంటాం, నోట్లో ఎప్పట్నుంచో ఉన్నవే వచ్చాయి. నేను పిల్లకి అందిద్దామనుకున్న తెలుగులో ఈ వాక్యం కూడా ఉందన్నమాట. గుణింతాలతో పాటు ఇదీ వెళ్లిపోయేదే. ఎన్ని వెళ్లిపోయాయో, నేను ఆగని చోట్ల.

ప్రాయశ్చిత్తం అనండి, మొండితనం అనండి, “ఏ మంచు?” అన్న ప్రశ్నకి జవాబు తయారుచేద్దామని ఇద్దరం కూచున్నాం. కొత్తగా కురిసింది పొడిమంచు. కరిగి బురదలా కాళ్లకి తగులుకునేది జావమంచు. చక్రాల జాడలు గడ్డకడితే గాడిమంచు. నున్నగా మొహం కనిపించేది అద్దంమంచు. పైన కొత్త మంచు అమాయకంగా పరుచుకుని, కింద అద్దంమంచు దాక్కుని ఉంటుంది చూడండి, అది అన్నిటికంటే ప్రమాదం. దానికి ముసుగుమంచు అని నేను పెట్టాను. “కాదు, దొంగమంచు” అంది. దానిదే బాగుంది. తన చేత్తో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. “అదంమంచు” అని ఒత్తు లేకుండా రాస్తే చూసీ చూడనట్టు వదిలెయ్యాలనుకున్నాను. ఒక పూట వదిలేశాను. సాయంత్రం పెన్నుతో దిద్దాను. దాని మొహం చిన్నబోయింది.

ఇలా మాటలు కట్టుకోండి, పిల్లలు భాష నేర్చుకుంటారు అని నలుగురికీ సలహా ఇద్దామనే రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు అంత నమ్మకంగా లేదు. భీమవరంలో దొంగమంచు అన్న మాట ఎవరికీ అక్కర్లేదు. ఔలులో దానికి ఫిన్నిష్ మాటలున్నాయి, స్నేహితులతో అవే వాడుతుంది. మా ఫ్రిజ్ తలుపు తప్ప ఈ మాటలకి ఊరు లేదు. మొన్న బడికి బయల్దేరుతూ “జావమంచమ్మా ఇవాళ, లేటవుతుంది” అంది గానీ, అది నన్ను సంతోషపెట్టడానికన్నదో, నోటికి అలా వచ్చిందో తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు కొత్త పేచీ. మార్చి వచ్చింది, వెలుతురు వచ్చింది, సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది. ఇక్కడి సముద్రంలో ఉప్పు చాలా తక్కువ, అందుకే గట్టిగా బిగుస్తుంది. నల్లికారి బీచ్ నుంచి సముద్రం మీదికి సైకిళ్లేసుకుని వెళ్తున్నారట దాని స్నేహితులు, ఒక పిల్ల వాళ్ల నాన్న తోడు వెళ్తున్నాడు. “నువ్వు కూడా రా. నీ టైర్లు ఇప్పుడు సరిగ్గానే ఉన్నాయిగా” అంది.

సముద్రం మీద సైకిల్. ఈ మాట మా అత్తయ్యగారికి ఎలా చెప్పను? మనిషి నడవాలంటే గట్టి గడ్డ కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలంటారు, ఇప్పుడు దానికి ఎన్నో రెట్లుంది. నది వచ్చి కలిసే చోట మాత్రం పల్చగా ఉంటుంది, అటు పోకూడదు. ఇవన్నీ మూడు రోజులుగా చదువుతున్నాను. గడ్డ పగిలి నీళ్లలో పడితే పైకి పాకడానికి పిడులున్న చిన్న మేకుల జత ఒకటి అమ్ముతారు ఇక్కడ, తాడుతో మెడలో తాయెత్తులా వేసుకుంటారు. నిన్న ఆఫీసు నుంచి వస్తూ రెండు జతలు కొన్నాను. పోపులడబ్బా వెనకాల దాచాను. వస్తాననీ అనలేదు, వెళ్లమనీ అనలేదు.