మొద్దుబారిన కాళ్లకు మంటెందుకు?

ఇవాళ మెడిసిన్ ఓపీలో రద్దీ ఎక్కువ. వరి కోతలు అయిపోయాక ఊళ్ల నుంచి జనం ఇట్లాగే వస్తారు, పని రోజుల్లో ఓర్చుకున్న నొప్పులన్నీ మూటగట్టుకొని.

పరకాల వైపు నుంచి వచ్చిన అవ్వ ఒకామెకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. "అరికాళ్లు మొద్దుబారినయి బిడ్డా, చెప్పు ఊడిపోయినా తెలుస్తలేదు. రాత్రయితే మంటలు. దుప్పటి తాకినా ఓర్వలేను" అన్నది. పక్కనున్న కొడుకు, "తెలుస్తలేదంటది, మళ్ల మండుతున్నయంటది. రెండిట్ల ఏది నమ్మాలె మేడమ్?" అని అడిగిండు.

రెండూ నమ్మాలి. అదే నాకు ఇవాళంతా తలలో తిరుగుతున్నది.

కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలు తాకి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ బొటనవేలి మీద పెడితే తెలియలేదు, చీలమండ మీద కొంచెం, మోకాలి మీద బాగా తెలిసింది. అరికాలి స్పర్శ తెచ్చే నరానికి కణం వెన్నెముక పక్కనే ఉంటుంది, ఆ కణం నుంచి సాగే నరపు పోగు మాత్రం సుమారు మీటరు పొడవు. దానికి కావలసిన సరుకంతా ఆ కణంలో తయారై కిందికి పోవాలి. పాకాల కాలువ కింద చివరి మడి ముందు ఎండినట్టు, షుగర్ నరాలను తినేటప్పుడు మొదట దెబ్బతినేది కాలి వేళ్లే.

ఇక మంట. స్పర్శను, కంపనాన్ని మోసేవి కొవ్వు పొర ఉన్న లావుపాటి పోగులు. మంటను మోసే సి పోగులు సన్నవి, పొర లేనివి, సెకనుకు మీటరు అటూ ఇటూ వేగం. దెబ్బతిన్న పోగుల్లో సంకేతాలు పుట్టించే సన్నని ద్వారాలు, అంటే సోడియం చానెళ్లు, అదుపు తప్పి, ఏమీ తగలకుండానే సంకేతాలు పుడతాయి. వెన్నుపాము వాటికి మరీ తొందరగా స్పందించడం అలవాటు చేసుకుంటుంది. లావు పోగులు పనిచేస్తే ఈ నొప్పిని కొంత అడ్డుకుంటాయని 1965లో మెల్జాక్, వాల్ అనే నొప్పి పరిశోధకులు చెప్పారు. ఆమెకు ఆ అడ్డు కూడా సన్నగిల్లింది. అందుకే స్పర్శ పోయిన చోటే మంట.

రక్త పరీక్షలో గానీ ఎక్స్‌రేలో గానీ ఈ మంట కనబడదు. అడిగి తెలుసుకోవాల్సిందే. నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి 2020లో ఇచ్చిన నిర్వచనం కింద స్పష్టంగా రాసింది. వార్డు గోడ మీద రాసిపెట్టాల్సిన మాట అది.

ఆమె ఊళ్లో నొప్పి సూదులు వేయించుకుంటున్నదట. నరాల మంటకు అవి దాదాపు పనిచేయవు, పైగా షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు చేటు. అది వింటే నాకు భయమేసింది. సార్ ఈసీజీ చూసి, రాత్రికి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. డిప్రెషన్ మందే, కానీ మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నొప్పి నిరోధక దారికి బలమిస్తుంది. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానొద్దని కొడుక్కి రెండుసార్లు చెప్పాను. వట్టి కాళ్లతో పొలంలోకి పోవద్దని, రోజూ వేళ్ల సందులు చూడమని కూడా.

వచ్చే నెల వచ్చినప్పుడు షుగర్ ఎంతుందో ఎట్లాగూ చూస్తారు. రాత్రి నిద్ర పడుతున్నదా అని కూడా అడగాలని ఆమె చీటీ మీద రాశాను.